కాపురముండే పడవ

నాకు కోపం ఎక్కువ. ప్రొద్దుటూరులో విమానం టికెట్లు అమ్మేవాళ్లలో మొయిన్ అంత కోపిష్ఠి లేడని మా అమ్మ ఖమర్‌బీ మొదలు ఎదురుగా ఉన్న టీ బంకు ఆయన దాకా అందరూ అంటారు. కువైట్ పోయేవాళ్లు పాస్‌పోర్టు ఇంట్లో మరిచి వచ్చి "ఏం కాదులే భాయ్, నువ్వు చెయ్యి" అంటే కోపం రాక ఏం వస్తుంది? అందుకే రామాంజులు మొదటిసారి నా ఆఫీసు మెట్లెక్కి, ఎదురుగా ఉన్న కుర్చీలో సగం మీదే కూర్చుని, "అప్పా, కాపరముండే పడవ ఒకటి చూడాల" అన్నప్పుడు నేను మర్యాదగా మాట్లాడలేదు.

"ఇది పడవల అంగడి కాదు మామా. మైలవరం డ్యాముకు పో. ఆడ చేపలోళ్ల దగ్గర ఉంటాయి."

"నేను వస్తాండేదే మైలవరం నుంచి," అన్నాడు ఆయన.

జేబులోంచి ఫోన్ తీసి వీడియో చూపించాడు. తెల్లటి పెద్ద పడవ. లోపల మంచాలు, వంటిల్లు, పైన కుర్చీలు. మనుషులు వారం రోజులు దాంట్లోనే తింటారు, దాంట్లోనే పడుకుంటారు, పొద్దున లేచి వీపుకు సిలిండరు కట్టుకుని సముద్రంలో దిగుతారు. గడ్డకు రారు. దానికి ఇంగ్లీషులో ఏదో పేరు ఉంది. రామాంజులు మాత్రం కాపురముండే పడవ అన్నాడు. నాకూ ఆ పేరే అలవాటైంది.

వీడియో మధ్యలో ఒకచోట ఆపి, గోరుతో తెర మీద చూపించాడు. "ఈడ చూడు. చెయ్యి కనపడతాంది."

"ఎవరి చెయ్యి?"

"వాని చెయ్యే. నీళ్ల లోపల వాని చెయ్యి వానికి కనపడతాంది. శానా లోతులో ఉండాడు, అయినా కనపడతాంది."

అందులో వింతేముందో నాకు అర్థం కాలేదు. ఆయన పని ఏమిటో చెప్పాక అర్థమైంది.

రామాంజులుకు యాభై ఎనిమిదేళ్లు. గొర్రెలున్న ఇంట్లో పుట్టాడు గానీ గొర్రెల వెంట తిరిగింది తక్కువ. ఆయన బావుల్లో దిగే మనిషి. ఇటు దువ్వూరు నుంచి అటు లింగాల దాకా ఎవరి బావిలో బిందె పడినా, మోటారు ఫుట్‌వాల్వుకు పాచి పట్టి నీళ్లు ఎక్కకపోయినా, బర్రె కాలుజారి పడినా మైలవరం పక్కన ఆయన పల్లెకు కబురు వెళ్లేది. మనుషులు పడినా వెళ్లేది. వాళ్ల సంగతి నేను కదిలిస్తే, "తీసినా. వాళ్లోళ్లకు ఇచ్చినా" అన్నాడు, అంతే. ఇంక అడగబుద్ధి కాలేదు.

ముప్పై ఏళ్లు నీళ్లలో బతికిన మనిషి నీళ్లలో ఒక్కటీ చూడలేదు. నాలుగు మట్ల నీళ్లు, అంటే నలుగురు మనుషులు ఒకరి భుజాల మీద ఒకరు నిలబడినంత లోతు. కింద బురద, పాచి, చీకటి. కళ్లు తెరిచినా మూసినా ఒకటే. చేత్తో తడిమి బిందె ఏదో, రాయి ఏదో, ఇంకొకటేదో తెలుసుకోవాలి. ఇప్పుడు ఆ పని కూడా లేదు. పులివెందుల వైపు బావులన్నీ ఎండిపోయి చీనీ తోటలకు, అంటే బత్తాయి తోటలకు, బోర్లు వచ్చాయి. ఇటువైపు బావులను పూడ్చి ఇళ్లు కట్టారు. ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే. ఒకసారి తేటనీళ్లలో దిగి తన చెయ్యి తాను చూసుకోవాలి.

"మైలవరం నీళ్లలో దిగి చూడరాదా?" అన్నాను.

"బాగా చెప్తివి. ఆడ మోకాలు మునిగితే పాదం కనపడదు."

నాకు నవ్వొచ్చింది. నాకు నవ్వొస్తే పని ఒప్పుకున్నట్టే. కువైట్‌లో గొర్రెలు కాయడానికి పోదామని ఆరేళ్ల కిందట చేయించుకున్న పాస్‌పోర్టు ఆయన దగ్గర ఉంది. మరి ఎందుకు పోలేదంటే, "మా ఆమె వద్దనింది. నువ్వు ఆడికి పోతే ఈడ నేనెవరికి మోకు పట్టాలని కొట్లాడింది" అన్నాడు. డబ్బు సంగతి ఆయన ముందే చూసుకున్నాడు. ఇక పడవను ఎంచడమే మిగిలింది. మాల్దీవులకైతే వీసా గొడవ లేదు, బెంగుళూరు నుంచి విమానం ఉంది. ఆ రోజు నుంచి ప్రతి బుధవారం ఆయన జమ్మలమడుగు మీదుగా బస్సులో రావడం, ఇద్దరం కంప్యూటరు ముందు కూర్చుని పడవలు చూడడం.

మొదటి పడవ భలే ఉంది. పైన వేడినీళ్ల తొట్టి, లోపల సినిమా హాలు. కింద చిన్న అక్షరాల్లో ఒక మెలిక. కనీసం యాభైసార్లు సముద్రంలో దిగినట్టు లాగ్ బుక్ చూపించాలట.

"లాగ్ బుక్ అంటే ఏంది?"

"నువ్వు ఎన్నిసార్లు దిగినావు, ఎంత లోతు పోయినావు, అన్నీ రాసుండే పుస్తకం."

ఆయన ముఖం వెలిగిపోయింది. "ఓ, లాగే బుక్కు! మోకు లాగేటోళ్లు రాసి పెట్టుకునేదా? మా ఆమెకు సదువు రాదప్పా. అన్నీ నోటికే చెప్తాది. ఏ బావిలో ఎన్నిసార్లు లాగిందో అడుగు, తేదీతో సహా చెప్తాది."

అప్పుడు చెప్పాడు వాళ్ల పని పద్ధతి. ఆయన నడుముకు మోకు, అంటే లావు తాడు. రెండో కొస పైన గట్టు మీద భార్య రామేశ్వరమ్మ చేతిలో. బండకు కాలు తన్నిపెట్టి, మోకు నడుము చుట్టూ తిప్పుకుని కూర్చుంటుంది. ఆయన కింద నుంచి ఒకసారి లాగితే వదులు చెయ్యమని. రెండుసార్లు లాగితే దొరికిందని. మూడుసార్లయితే పైకి లాగమని. మధ్యలో ఆమె పైనుంచి ఒకసారి లాగుతుంది. ఉన్నావా అని అడగడం. ఆయన ఒకసారి లాగి ఉన్నానని చెప్పాలి.

"ఆ చీకట్లో ఏం తెల్దప్పా. పైన ఎండుందో వానుందో, అసలు లోకం ఉందో లేదో తెల్దు. ఆమె ఒకసారి లాగితే ఉండాదని తెలుస్తాది."

లాగ్ అంటే లాగడం కాదని నేను అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. తమాషాగా ఉందని వదిలేశాను. పైగా సాయంత్రం టీ బంకు దగ్గర చెప్పి అందరినీ నవ్వించాను. ఆ కంపెనీకి మాత్రం నిజాయితీగా రాశాను. ఈయన ఏ పరికరమూ లేకుండా, చీకటి బావుల్లో, మూడు వందలసార్లకు పైగా దిగిన మనిషి, మీ దగ్గర ఇట్లాంటివాడు ఒక్కడైనా ఉన్నాడా అని. బావులు లెక్కలోకి రావని జవాబు వచ్చింది. ఆ రోజు కంప్యూటరు మీద నా కోపమంతా చూపించాను.

రెండో పడవవాళ్లు కొత్తవాళ్లను కూడా తీసుకుంటారు, పడవలోనే నేర్పుతారు. అన్నీ కుదిరాయి. ఫారం చదువుతూ, "నీ జతకు ఒకరిని వాళ్లే ఇస్తారంట. ఎప్పుడూ ఇద్దరిద్దరే దిగాలంట" అన్నాను.

"నేనూ ఆ జతగాడూ ఇద్దరమూ లోపలికి పోతే పైన ఎవరుంటారు?"

"పైన ఎవరూ అక్కర్లేదు మామా. వీపు మీద గాలి ఉంటుంది. ఎప్పుడు రావాలంటే అప్పుడు రావచ్చు."

"మరి మోకు?"

"మోకు ఉండదు."

"లాగే బుక్కు అంటివే?"

అప్పుడు చెప్పక తప్పలేదు. అది ఇంగ్లీషు మాటనీ, లాగడానికీ దానికీ సంబంధం లేదనీ, ఏ పడవలోనూ మోకు పట్టుకునే మనిషి ఉండడనీ చెప్పాను. "అంటే నువ్వు నవ్వుకుంటాంటివి," అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది, నేను కూడా రెండు మాటలు అనేవాణ్ణి. మెల్లగా అన్నాడు. లేచి, కుర్చీని సరిగ్గా జరిపి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

తరువాతి బుధవారం రాలేదు. ఆపై బుధవారమూ రాలేదు. వస్తాడేమోనని నేను పన్నెండు దాకా అన్నానికి పోకుండా కూర్చున్నాను. నా మీద నాకే చిరాకు వేసింది. ఆయన పోతే నాకేం నష్టం? రోజుకు ముప్పై మంది వస్తారు పోతారు. అయినా సిగ్గు పోలేదు. టీ బంకు దగ్గర ఎవరో "ఏం భాయ్, లాగే బుక్కు ఏమాయ?" అంటే గ్లాసు అక్కడే పెట్టి వచ్చేశాను.

మూడో బుధవారం వచ్చాడు. ఏమీ జరగనట్టే కుర్చీలో సగం మీద కూర్చున్నాడు.

"మోకు లేకుంటే లేకపాయ. పైన మనిషుండే పడవ చూడు."

"అంతేనా?"

"అంతే. మంచాలు, సినిమాలు నాకెందుకు? నేను దిగినానని తెలిసినోడు పైన ఒకడుండాల."

నేను పదకొండు కంపెనీలకు ఒకే ప్రశ్న రాశాను. మనుషులు నీళ్లలో దిగాక పైన ఎవరుంటారు? ఎనిమిది మంది జవాబే ఇవ్వలేదు. ఇద్దరు తగ్గింపు ధరల కాగితం పంపారు. ఒక చిన్న పాత పడవ తరఫున బెంగుళూరు ఆఫీసు నుంచి ప్రియదర్శిని అనే అమ్మాయి ఫోన్ చేసి, తెలుగులోనే మాట్లాడింది. "పెద్ద పడవ దూరంగా ఆగుతుంది సార్. దిగే చోటికి ధోని అని చిన్న పడవలో తీసుకుపోతారు. దాంట్లో ఒక పెద్దాయన ఉంటాడు. ఆయన దిగడు. కిందివాళ్ల బుడగలు పైకొస్తాయి కదా, వాటిని చూస్తూ వెంబడే పడవ నడుపుతాడు. ఆఖరి మనిషి ఎక్కేదాకా కళ్లు తిప్పడు."

ఫోన్ స్పీకరులో పెట్టాను. రామాంజులు కుర్చీలో పూర్తిగా వెనక్కి జరిగి కూర్చున్నాడు. మూడు నెలల్లో ఆయన అట్లా కూర్చోవడం అదే మొదలు.

"ధోని అంటే మన దోనె గదప్పా," అన్నాడు. "బుడగలు చూస్తాడంట. మా ఆమె కూడా బుడగలే చూస్తాది. ఇదే పడవ."

అక్కడ నేర్పే మాస్టరుకు హిందీ వచ్చు. మా వాడల్లో తిరిగిన రామాంజులుకు ఉర్దూ బాగానే వచ్చు. భాష గొడవ తీరింది. వయసు ఎక్కువ కాబట్టి డాక్టరు సంతకం కావాలన్నారు. డాక్టరు ఊపిరి బిగపట్టమని చెప్పి, ఎవరిదో ఫోన్ వస్తే మాట్లాడి, తిరిగి చూసేసరికి ఈయన ఇంకా బిగపట్టే ఉన్నాడు. డాక్టరు భయపడి వీపు తట్టి, వెంటనే సంతకం పెట్టాడు.

ఆఖరికి ఫారం. పేరు, ఊరు, బ్లడ్ గ్రూపు. తరువాత ఎర్ర చుక్క పెట్టి ఒక గడి. ఏదైనా జరిగితే ఎవరికి చెప్పాలి?

"రాయి. రామేశ్వరమ్మ. భార్య." నంబరు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

నాకు ఒక అలవాటుంది. ఒకసారి కువైట్ పోయిన మనిషి ఇంటి నంబరు తప్పు రాసి శానా తిట్లు తిన్నాను. అప్పటి నుంచి ఎవరు ఏ నంబరు చెప్పినా అక్కడే కొట్టి చూస్తాను. ఆ నంబరు కొట్టాను. రింగైంది. నా చెవిలోనూ అయింది, నా ఎదురుగానూ అయింది. రామాంజులు ఎడమ జేబులో మోగుతోంది.

"ఆమె ఫోన్ నువ్వు తెచ్చుకుంటే ఎట్ల మామా?" నేను అరిచాను. "నువ్వు ఆడ సముద్రంలో ఉంటే, నీకేమన్నా అయితే, ఈ ఫోన్ ఎవరు ఎత్తుతారు?"

"ఎవరూ ఎత్తరు."

"ఆమెకు ఇచ్చిపో మరి!"

ఆయన జేబులోంచి ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. పాత బటన్ల ఫోన్. అంకెలు అరిగిపోయాయి. నేను కట్ చేయడం మరిచిపోయినట్టున్నాను, అది మోగుతూనే ఉంది.

"ఆమె పోయి రెండేండ్లాయ అప్పా. కిడ్నీలు పాడై పాయె. నంబరు పోతాదని నెల నెలా రీచార్జి చేపిస్తాండా."

నేను కట్ చేశాను. మూడు నెలలుగా పట్టుకుంటాది, చెప్తాది, చూస్తాది అంటూ ఉంటే ఒక్కసారి కూడా నేను ఆమె ఎట్లుందని అడగలేదు. అడిగి ఉంటే అప్పుడే చెప్పేవాడేమో. టీ బంకు దగ్గర ఆమె చదువు గురించి కూడా నవ్వించిన సంగతి గుర్తొచ్చింది.

"ఇంకెవరున్నారు?" అన్నాను.

ఆలోచించాడు. పిల్లలు లేరు. తమ్ముడు యల్లయ్య పోయాడు. పక్కింటి సురేంద్ర ఉన్నాడు గానీ వాడి ఫోన్ ఎప్పుడూ గొర్రెల దొడ్డిలోనే పడి ఉంటుంది. ఒక్కొక్క పేరే తనలో తాను అనుకుని తలాడించాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషికి ఆ గడిలో రాయడానికి ఒక్క పేరు దొరకలేదు. "ఊరికే వదిలెయ్యప్పా," అన్నాడు.

"వదిలేస్తే ఫారం ముందుకు పోదు."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. నా పేరు కొట్టాను, నా నంబరు కొట్టాను. సంబంధం ఏమిటని అడిగింది కంప్యూటరు. మామా అని పిలుస్తున్నాను కదా, అల్లుడు అని పెట్టాను. మధ్యాహ్నం ప్రియదర్శిని ఫోన్ చేసి, "రామాంజులు గారి అల్లుడు మొయినుద్దీన్ గారు, అంతేనా సార్?" అంటే, "అంతే. ఏమి, ఉండకూడదా?" అని కసిరాను.

పోయే రోజు పొద్దున ఆయన ఆమె ఫోన్ నా దగ్గర పెట్టాడు. ఉప్పునీళ్లు తగిలితే చెడిపోతుందట. "చార్జింగు అయిపోనీయద్దు. ఒక్క పూట కూడా ఆగిపోకూడదు," అన్నాడు. తన ఫోన్‌కు విదేశాల ప్యాకు నేనే వేయించాను. "మిస్‌కాల్ ఇస్తాలే. దిగేటప్పుడు ఒకటి. దొరికితే రెండు. తిరిగొచ్చేటప్పుడు మూడు," అన్నాడు.

"ఏం దొరికితే?"

అప్పటికే ఆయన బస్సెక్కాడు.

మొదటి రెండు రోజులూ నా ఫోన్ మోగలేదు. అంటే కువైట్ వాళ్లు, మక్కాకు ఉమ్రా యాత్ర పోయేవాళ్లు చేస్తూనే ఉన్నారు, ఆయన చేయలేదు. మూడో రోజు పొద్దున పది గంటలకు అలీ అహ్మద్ అనే ఆయన తన టికెట్ తేదీ మార్చమని కూర్చుని ఉండగా నా బల్ల సొరుగులో ఏదో మోగింది. ఒక్క రింగు. ఆగింది. తీసి చూస్తే ఆమె ఫోన్.

మిస్‌కాల్ నాకు కాదు. ఆమెకు.

ఏం చెప్పను, నాకు బాధేసింది. ఫారంలో అల్లుడినని రాసుకుంది నేను. మోకు మాత్రం ఆమె చేతికే ఇచ్చాడు. అలీ అహ్మద్ ఏదో అడుగుతున్నాడు, నాకు వినపడలేదు. సొరుగు మూయకుండా, ఆ ఫోన్‌ను ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. పదకొండు దాటాక మళ్లీ మోగింది. ఒకటి. ఆగి, ఇంకొకటి. దొరికింది.

ఒక్కణ్ణే ఉండి ఉంటే ఏడ్చేవాణ్ణేమో. అప్పుడు గుర్తొచ్చింది, పైనుంచి ఆమె కూడా లాగేది కదా అని. ఆ అరిగిన బటన్లు నొక్కి ఆయన నంబరుకు ఒక్క రింగు ఇచ్చి కట్ చేశాను. ఉన్నావా? రెండు నిమిషాలు ఏమీ లేదు. తరువాత ఒక్క రింగు వచ్చింది.

ఆ వారమంతా అదే పని. నాకు మా ఇంట్లో ఎనిమిది మంది, ఆఫీసులో ఊరంతా. అయినా ఆ ఒక్క రింగు కోసం కాసుకుని కూర్చున్నాను. ఆఖరి రోజు మూడు రింగుల కోసం చూశాను. రాలేదు. మర్నాడు కూడా రాలేదు. నేను చేస్తే ఫోన్ ఆపేసి ఉందని చెప్పింది. ప్రియదర్శినికి ఫోన్ చేసి, ఆ అమ్మాయి తప్పేమీ లేకపోయినా అరిచాను. అందరూ విమానం ఎక్కారు సార్, అని ఆమె నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చింది.

బుధవారం రామాంజులు మెట్లెక్కి వచ్చాడు. ఇంకా నల్లబడ్డాడు. ముక్కు మీద తోలు ఊడుతోంది. రాగానే చెయ్యి చాపాడు. ఫోన్ ఇచ్చాను. చార్జింగు చూసుకుని ఎడమ జేబులో పెట్టుకున్నాడు.

"కనపడిందా?" అన్నాను.

"కనపడింది. నీళ్లలో ఎండ పడతాందప్పా. అంత లోతుకు ఎండ దిగుతాది. చేపలు వచ్చి మొగం మీదే చూస్తాండాయి." చెయ్యి ముందుకు చాపి, వేళ్లు విడదీసి, తానే చూసుకున్నాడు. "చెయ్యి కనపడింది. చూస్తే ముసలోని చెయ్యి. ఎవరిదో అనుకుంటి. ఎప్పుడూ చూడకపోతిని కదా, మేం పని మొదలుపెట్టినప్పటి చెయ్యే ఉంటాదని అనుకుంటాంటి."

"మూడు రింగులు ఇస్తానంటివి కదా, ఎందుకియ్యలేదు? ఈడ నేను సస్తాంటి!" అని అరిచాను.

"మూడంటే పైకి లాగమని కదప్పా. లాగేది ఆమె. ఆమె లేదు. నువ్వు ఈడ కూర్చుని లాగలేవు. ఊరికే నిన్నెందుకు కష్టపెట్టేది? ఫోన్ ఆపేసుకుని నేనే వచ్చేస్తి."

అని లేచాడు, కుర్చీ సరిగ్గా జరిపాడు. జమ్మలమడుగు బస్సుకు టైమైందని మెట్లు దిగాడు. ఇంక పడవ పని లేదు, బుధవారం పని లేదు. కిటికీలోంచి చూస్తే ఎడమ జేబు మీద చెయ్యి పెట్టుకుని రోడ్డు దాటుతున్నాడు. ఆ పూట నేను ఎవరినీ తిట్టలేదు.

మర్నాడు పొద్దున పది గంటలకు నా ఫోన్ ఒక్కసారి మోగి ఆగిపోయింది. ఫారం రోజు నేను కొట్టి చూసిన నంబరు. రామేశ్వరమ్మది. ఆ ఒక్క రింగు అర్థం నాకు తెలుసు. ఈసారి పైన కూర్చున్నది ఆయన. ఉన్నావా అని నన్ను అడుగుతున్నాడు.

ఎదురుగా ఉన్నవాళ్లను ఆగమని, ఆ నంబరుకు ఒక్క రింగు ఇచ్చాను.